సాంత ఓర్సొలా ముందు గోదాము

జెనోవా జిల్లా, కమోలి ఊరు, రేవు మెట్ల మీది ఇంట్లో ఉంటున్న, కీర్తిశేషుడు బియాజో మొర్తోలా పెద్ద కొడుకును, డెబ్బై రెండేళ్ళవాణ్ణి, ఓడ చీఫ్ ఇంజనీరుగా పనిచేసి రిటైరైన జెరోలమో మొర్తోలా అను నేను చెబుతుండగా నోటరీ ఎవాసియో రెపెత్తో గారు రాసిన వీలునామా ఇది. నా గుండె పాడైంది గాని బుద్ధి సరిగానే ఉంది. ఆ సంగతి నోటరీగారు నన్ను అవీ ఇవీ అడిగి రూఢి చేసుకున్నారు. నన్ను ఎవరూ బతిమాలలేదు, బెదిరించలేదు. నేను ఇంతకు ముందు రాసినవి ఏవైనా ఉంటే అవి చెల్లవు. దీన్ని అమలుపరిచే బాధ్యత నోటరీగారిదే.

ఒకటి. నన్ను మా అమ్మ పక్కన పూడ్చాలి. బ్యాండు వద్దు, నావికుల సంఘం జెండా వద్దు. నా పెట్టె ముందు నిలబడి ఎవరూ "సాంత ఓర్సొలా ఓడను కాపాడినవాడు" అనకూడదు. ఫాదర్ గారు అలవాటు కొద్దీ ఆ మాట ఎత్తుకుంటే నోటరీగారు గట్టిగా దగ్గి అడ్డుపడాలి.

రెండు. మా ఓడలో సర్వర్ల పెద్దగా పనిచేసిన లజ్జారో అన్సాల్దోకు ఒక బట్టల సబ్బు బిళ్ళ ఇస్తున్నాను. కారణం చెబుతాను. 1926లో సాంత ఓర్సొలా మొదటిసారి బ్యూనస్ ఐరిస్‌కు బయలుదేరినప్పుడు పై అంతస్తులో అద్దాల గదులు, పియానో, పట్టు దిండ్లు. కింద బతుకుతెరువు వెతుక్కుంటూ పోయే వెనెతో రైతులు, కలాబ్రియా కూలీలు, వాళ్ళ చంటిపిల్లలు. లజ్జారో కిందికి దిగాల్సి వస్తే ముక్కుకు రుమాలు కట్టుకునేవాడు. "నీ యంత్రాల కంపే నయం జెరోలమో, వీళ్ళ కంపు భరించలేం" అనేవాడు. ఆ కింది జనం ఇచ్చిన టిక్కెట్ల మీదే మేమిద్దరం బతికామని అతనికి ఎన్నడూ ఎక్కలేదు. సబ్బు అతని నోటికి.

నేను మాత్రం ఆ ఓడను పై అంతస్తు కోసమూ ప్రేమించలేదు, కింది జనం కోసమూ ప్రేమించలేదు. దాని యంత్రాల చప్పుడు కోసం ప్రేమించాను. నిద్రలో ఆ చప్పుడు కాస్త మారినా లేచి కూర్చునేవాణ్ణి. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా వచ్చే ప్రయాణం తర్వాత చూద్దామనేవాణ్ణి.

మూడు. ఓడను కాపాడినందుకు కంపెనీవారు నాకిచ్చిన పతకాన్ని మా కెప్టెన్ ఫిగారి గారి అబ్బాయికి ఇస్తున్నాను. ఈ పతకం వచ్చింది వాళ్ళ నాన్న కంపెనీవాళ్ళకు చెప్పిన మాట వల్లే. అది ఎందుకు వచ్చిందో అతను సరిగ్గా తెలుసుకోవాలి.

1935లో ఆ ఓడ అబిసీనియా యుద్ధానికి సిపాయిలను మోసింది. వాళ్ళు పాటలు పాడుతూ ఎక్కారు. 1940లో దానికి బూడిదరంగు పూశారు, అద్దాలు పీకేశారు, పియానో దించేశారు. లిబియాకు మనుషులను తీసుకుపోయాం, కాళ్ళూ చేతులూ పోయినవాళ్ళను తీసుకొచ్చాం. తర్వాత గ్రీసు దీవులు. 1943 సెప్టెంబరులో గ్రీసులోని పిరేయస్ రేవులో ఉండగా మన దేశం యుద్ధం విరమించిందని రేడియో చెప్పింది. కుర్రాళ్ళు టోపీలు ఎగరేశారు. కెప్టెన్ ఫిగారి నన్ను పక్కకు లాగాడు.

"నిన్నటిదాకా మన పక్షాన ఉన్న జర్మన్లే రేవును పట్టుకోడానికి వస్తున్నారు. ఓడ వాళ్ళకు దక్కితే మన నెత్తికే తెస్తారు. కిందికెళ్ళి వాల్వులు తెరిచెయ్. ఇక్కడే ముంచేద్దాం" అన్నాడు.

వెళ్ళాను. వాల్వు చక్రం మీద చెయ్యి వేశాను. నేను నూనె పోసి చూసుకున్న చక్రం అది, పసిపిల్ల తిప్పినా తిరుగుతుంది. తిప్పలేకపోయాను. పైకి వచ్చి, "నావల్ల కాదు కెప్టెన్. యుద్ధం ఎన్నాళ్ళో ఉండదు. ఓడ మళ్ళీ మనకే వస్తుంది" అన్నాను.

"పిచ్చోడా! అది ఓడయ్యా, నీ కన్నకూతురు కాదు!" అని ఆయన తానే కిందికి పరుగెత్తబోయాడు. అప్పటికే జర్మన్లు నిచ్చెన ఎక్కేస్తున్నారు. మమ్మల్ని దించి జర్మనీ క్యాంపులకు తోలారు.

యుద్ధం అయ్యాక ఓడ నిజంగానే తిరిగి వచ్చింది. దానితోపాటే ఊరికి మళ్ళీ పని వచ్చింది. అప్పుడు కెప్టెన్ గారు తానిచ్చిన ఆజ్ఞే తప్పని తేల్చి, సారాకొట్లో నా భుజం చరిచి, "ఆనాడు వీడు నా మాట వినకపోబట్టే మనమంతా ఇవాళ తింటున్నాం" అనేవాడు. ఆయన మంచి మనిషి. ఆయన అప్పుడు కూడా తిట్టి ఉంటే నాకు ఇంత బరువు ఉండేది కాదు. బాబూ, ఆ రోజు మీ నాన్న చెప్పిందే సరైన మాట. పతకం ఆయనది.

నాలుగు. రెక్కో ఊళ్ళో రొట్టెల బట్టీలో పనిచేసే పెల్లెగ్రోకు నా గొర్రెతోలు కోటు, ఉన్ని దుప్పట్లు అన్నీ ఇస్తున్నాను. అతనికి వేసవిలో కూడా చలి వదలదు.

పెల్లెగ్రో, నా తమ్ముడు సెత్తీమియో రోడ్స్ దీవిలో ఒకే దళంలో ఉన్నారు. జర్మన్లు అక్కడి మనవాళ్ళను ఖైదీలుగా పట్టుకుని, 1944 ఫిబ్రవరిలో గ్రీసుకు తరలించడానికి ఓడ ఎక్కించారు. ఆ ఓడ సాంత ఓర్సొలా. ఖైదీలను ఓడ ముందు భాగంలోని గోదాములోకి దింపి పైన మూత బిగించారు. దారిలో టార్పెడో ముందు భాగానికే తగిలింది. ఓడను ఇసుకమేటల మీదికి నడిపి నిలబెట్టగలిగారు. వెనకా మధ్యా తడవలేదు. ముందు గోదాము నిండిపోయింది. పేలుడుకు మూత ఒక మూల పగలడంతో కొద్దిమంది పైకి రాగలిగారు. వాళ్ళలో పెల్లెగ్రో ఉన్నాడు. నా తమ్ముడు లేడు.

1946లో పెల్లెగ్రో ఆ కబురు చెప్పడానికి నా మరదలు తెక్లా దగ్గరికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. తెక్లా పిండి పిసుకుతోంది.

"మీ ఆయన భయపడలేదమ్మా" అన్నాడు పెల్లెగ్రో. "గోదాములోకి తోస్తుంటే మేమంతా గోల పెట్టాం. సెత్తీమియో గోడ తట్టి, 'ఒరే ఏడవకండ్రా, ఇది మా అన్న ఓడ. దీనికేం కాదు' అన్నాడు. ఆ మాట నమ్మే నేను కూర్చున్నాను."

తెక్లా చేతుల పిండి దులుపుకోకుండానే నా వైపు తిరిగింది. "మీరు పెళ్ళెందుకు చేసుకోలేదో ఇప్పుడు తెలిసింది బావగారూ. మీ పెళ్ళాం అదేగా. నా మొగుణ్ణి మింగింది అదే" అంది.

నేను తప్పని చెప్పగల మాట ఒక్కటీ అందులో లేదు. నాన్న సముద్రంలో పోయాక సెత్తీమియోను నేనే పెంచాను. వాడికి నీళ్ళంటే భయం. ఆ భయం పోగొట్టడానికి చిన్నప్పుడు వాణ్ణి ఆ ఓడ అంతా తిప్పి చూపించి, ఇది మునగదురా అని చెప్పినవాణ్ణి నేను.

ఐదు. ఓడను ముక్కలు చేసినప్పుడు లా స్పెత్సియాలో నేను కొనుక్కున్న గంటను ఊరి కమిటీకి ఇస్తున్నాను. వాళ్ళు రేవులో ఆ ఓడకు స్మారకం కడతామంటున్నారు. కట్టుకోవచ్చు. నా పేరు ఉండకూడదు. ముందు గోదాములో పోయిన మన జిల్లా వాళ్ళ పేర్లన్నీ చెక్కాలి. ఒప్పుకోకపోతే గంటను సముద్రంలో పారేయాలి.

ఇంకొకటి కూడా రాయండి నోటరీగారూ. 1948లో ఓడకు మరమ్మతులు చేసి మళ్ళీ అర్జెంటీనా దారిలో తిప్పారు. ముందు గోదాముకు తెల్లరంగు వేసి మూడో తరగతి భోజనాల గది చేశారు. అక్కడ వలసపోయేవాళ్ళు అకార్డియన్ వాయించుకుంటూ నాట్యాలు చేసేవాళ్ళు. పెల్లెగ్రో చెప్పిందంతా విన్నాక కూడా నేను ఆ ఓడలో ఉద్యోగానికి వెళ్ళాను. ఆ గదిలో ఒక్కపూట కూడా తినలేదు. కాని ఓడ దిగిపోనూ లేదు. మొదటిరోజు యంత్రాలు తిరగగానే ఆ చప్పుడు విని నా గుండె ఉప్పొంగింది. వాల్వు తిప్పకపోవడం ఒక్క క్షణంలో జరిగిన పని. ఈ సంతోషాన్ని మాత్రం ఏళ్ళ తరబడి అనుభవించాను. తమ్ముడికి నేను జవాబు చెప్పుకోలేనిది దీనికే.

ఆరు. నా ఇల్లు, వెనక నిమ్మతోట నా మరదలు తెక్లాకు ఇస్తున్నాను. ఇది క్షమాపణకు కట్టే వెల కాదు. సెత్తీమియో పుట్టిన ఇల్లు కాబట్టి ఆమెదే.

అనుబంధం. పై అంశాలు ముగిశాక, తెక్లా కూడా వినాలని నేను కోరడంతో నోటరీగారు ఆమెను పిలిపించారు. ఆమె గుమ్మం దగ్గరే నిలబడి, చదివినదంతా వింది. రెండో సాక్షిగా రావలసిన బడి పంతులుగారికి జ్వరమని అప్పుడే కబురు వచ్చింది.

"నేను పెడతాను సంతకం" అంది తెక్లా.

"మీరు పెడితే ఆరో అంశం చెల్లదమ్మా. సాక్షికి ఆస్తి రాదు. ఇల్లు పోతుంది" అన్నారు నోటరీగారు.

"ఎవరిక్కావాలండీ ఇల్లు? రేపు ఈయన పోగానే ఊళ్ళోవాళ్ళు మళ్ళీ ఓడను కాపాడాడనే పాటే ఎత్తుకుంటారు. వాల్వు సంగతి ఈయన నోటితోనే విన్నానని చెప్పడానికి నేనుండాలి. ఇల్లు ఆ పెల్లెగ్రోకి రాసెయ్యమనండి. అద్దె గదిలో దగ్గుకుంటూ పడున్నాడు." తర్వాత నా మంచం దగ్గరికి వచ్చింది. "మీ మీద కోపం పోయిందనుకోకండి. పోలేదు. కాని ఇంతకాలం అది నేనొక్కదాన్నే మోశాను" అంది.

అందుచేత ఆరో అంశం రద్దయింది. ఇల్లు, నిమ్మతోట పెల్లెగ్రోకు చెందుతాయి. ఇది నా సమ్మతితోనే మార్చారు. నోటరీగారు మొత్తం మరొకసారి చదివి వినిపించారు. తెక్లా కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

కమోలి, 1968 మార్చి 11.

వీలునామాదారు: జెరోలమో మొర్తోలా

నా ఎదుట: ఎవాసియో రెపెత్తో, నోటరీ

సాక్షులు:
దవీదె ఒలివారి, వలల వ్యాపారి
తెక్లా మొర్తోలా, సెత్తీమియో భార్య