మల్లె కుండీ అడుగు కన్నం

చిన్నిదాని అమ్మకు, నేను కులాసాగానే ఉన్నాను, నువ్వు కంగారుపడకు. కంగారంతా నాదే.

మల్లె ఆకులు పసుపుబారి రాలుతున్నాయని నువ్వు రాస్తే, నీళ్ళు అతిగా పోసి చంపుతున్నావని పోయిన కార్డులో నిన్ను దులిపేశాను కదా. ఇవాళ నేను రంగు వేస్తున్న ఇంట్లో గులాబీ కుండీ జరపబోతే అది ఒరిగి, కుళ్ళు కంపుతో నల్లటి నీళ్ళు కారాయి. అడుగున కన్నం సిమెంటుతో పూడిపోయి ఉంది. "ఈ కన్నం ఏ మహానుభావుడు మూశాడయ్యా?" అంది ఆ ఇంటావిడ. మన కుండీ కన్నం గోడలకు పూసే లప్పంతో మూసిన మహానుభావుణ్ణి నేనే! ఆరేసిన బట్టల మీద నీళ్ళు కారుతున్నాయని కింది వాటా పిన్నిగారు పోట్లాడితే, ఇక్కడికి బయల్దేరే హడావిడిలో మూసేసి, నీకు చెప్పడం మరిచాను.

కార్డు అందగానే స్క్రూడ్రైవరుతో ఆ లప్పం పొడిచెయ్యి. మెత్తబడి నల్లగా ఉన్న వేళ్ళు కత్తిరించి, తెల్లవి ఉంచి, కొత్త మట్టిలో నాటి నీడన పెట్టు. వేలు గుచ్చి చూసి, మట్టి ఆరితేనే నీళ్ళు పొయ్యి. కింద పళ్ళెం పెట్టు, లేకపోతే పిన్నిగారు మళ్ళీ పైకొస్తారు. చిన్నిదాని దగ్గు తగ్గిందా? ఒక్క ఆకు పచ్చగా ఉన్నా వెంటనే రాయి, నాకు బ్రష్షు చేతిలో నిలవడంలేదు.

చిన్నిదానికి ముద్దులు. నీ చేతిలో మొక్క బతకదని మీ అక్కకు కూడా రాశాను. తప్పు నాదని ఆవిడకూ ఒక కార్డు దీంతోపాటే వేస్తున్నాను.

నీ మహానుభావుడు