పదిహేను రోజుల సంచి

బావగారికి,

నన్ను మళ్లీ పటాలంలోకి పిలిచారు. రిజర్వు వాళ్లకు ఏటా పెట్టే పదిహేను రోజుల శిక్షణ కాదు, ఈసారి సరిహద్దుకే. ఎన్నాళ్లో కాగితంలో రాయలేదు. మీ చెల్లెలికి మాత్రం శిక్షణకనే చెప్పాను.

ఉద్యోగం వదిలి తొమ్మిదేళ్లయింది. కుట్టుమిషన్ మీద వంగి వంగి నడుం పోయింది. అయినా ఏటా వచ్చే ఫారంలో ఆరోగ్యం భేషుగ్గా ఉందనే రాశాను. ఒకప్పటి సిపాయినన్న వెధవ పౌరుషం. నిన్న మిలిటరీ డాక్టరుకు నడుం సంగతి చెప్పుకుంటే, ఆ ఫారాలన్నీ నా ముందు పరిచి, "ఇది మీ చేతిరాతేగా?" అన్నాడు. నాదే.

పదిహేనో రోజు సాయంత్రం తను బస్టాండుకు వస్తుంది, ఏటా వచ్చినట్టే. మీరు ముందే ఇంటికెళ్లి నిజం చెప్పండి. నన్ను తిడితే తిట్టనివ్వండి. మాట్లాడకుండా కూర్చుంటేనే నాకు భయం.

సంచి తనే సర్దింది. నడుం నొప్పి మాత్రలు లెక్కపెట్టి పదిహేను కట్టింది. "బస్సు ఆలస్యమైతే ఉంటుందిలే" అని ఇంకొకటి వేసింది. మరికొన్ని వెయ్యమనడానికి నాకు నోరు రాలేదు.