సూర్యావతి టిఫిన్ బండిపై నా ఫిర్యాదు తప్పని

ఆహార తనిఖీ అధికారి గారి సముఖమునకు, ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరై, భిలాయి రిసాలిలో నివసిస్తున్న కె. విలియం రాసుకున్న విన్నపము.

విషయం: పవర్ హౌస్ రైల్వే స్టేషను ఎదుట సూర్యావతి నడిపే టిఫిన్ బండిపై నేనిచ్చిన ఫిర్యాదును రద్దుచేసి, బండి తిరిగి తెరిపించవలసినదిగా కోరుట గురించి.

అయ్యా,

మొదటి ఫిర్యాదు హిందీలో టైపు చేయించి ఇచ్చాను. తమరు తెలుగువారని ఆఫీసులో తెలిసినందున, ఇది నా చేతిరాతతో సమర్పించుకుంటున్నాను.

1. నా భార్య వెరోనికాకు గోధుమ పడదు. ఏ రూపంలో చిటికెడు కడుపులో పడినా పేగులు దెబ్బతింటాయని డాక్టరు మూడేళ్ల క్రిందట చెప్పారు. అప్పటినుంచి బయట తిండి మాకు గండమైనది. హోటల్లో అడిగితే విసుక్కునేవారు. విందుల్లో "ఒక్క పూరీకి ఏమవుతుంది దీదీ" అని నవ్వేవారు. క్రమేణా ఆమె గుమ్మం దాటడమే మానుకున్నది.

2. సదరు సూర్యావతి ఒక్కతే మా బాధ అర్థం చేసుకున్నది. విజయనగరం వైపు మనిషి. క్యాంప్ 2 బస్తీలో ఉంటుంది. పూరీపిండి తడపకముందే, కడిగిన చేతులతో, వేరే పాత్రలో నా భార్యకు ఇడ్లీ వేసి ఇచ్చేది. ఆ బండి దగ్గర నిలబడి తిన్న రోజున నా భార్య చాలాకాలానికి నవ్వినది.

3. గత ఫిబ్రవరిలో విశాఖపట్నంలో నా భార్య చెల్లెలి కూతురి పెళ్లి. ఉదయం రైలుకు సూర్యావతి ఇడ్లీలు కట్టి ఇచ్చినది. వాటిలోకి కారప్పొడి నేను ఇంట్లో కొట్టాను. టిట్లాగఢ్ దాటేసరికి నా భార్యకు కడుపునొప్పి, వాంతులు. విజయనగరంలో దింపి ఆసుపత్రిలో చేర్చాను. పెళ్లి ఫోనులో చూసినది. తిరిగొచ్చిన మర్నాడే తమ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాను. "నా భార్య ఆ బండి ఇడ్లీలు తప్ప వేరేమీ తినలేదు" అని అందులో రాయించాను. ఇంటి పొడి కూడా ఒక తిండేనని నాకు తోచలేదు. విచారణ పూర్తయ్యేవరకు బండి మూసి ఉంచాలని ఉత్తర్వు వచ్చినది.

4. పన్నెండు రోజుల తరువాత నా భార్య ఇంట్లో వండిన అన్నంలో అదే కారప్పొడి కలుపుకున్నది. మళ్లీ అదే నొప్పి. ఆమె పడుకున్నాక నేను వంటింట్లో ఒక్కొక్క డబ్బా తీసి చదివాను. ఇంగువ డబ్బా మీద చీమతలకాయంత అక్షరాలతో "గోధుమ పిండి" అని ఉన్నది. రుచి కోసమని ఆ ఇంగువ దండిగా వేసినది నేనే.

5. అయ్యా, ఆ డబ్బా, మిగిలిన పొడి కాగితంలో చుట్టి పారేశాను. నీళ్లు పడలేదేమోనని భార్యకు చెప్పాను. ముప్ఫైరోజులు నోరు మెదపలేదు.

6. గత సోమవారం క్యాంప్ 2లో సూర్యావతి ఎదురైనది. తప్పుకోబోతే తనే వచ్చి పలకరించినది.

"అమ్మకి ఎలాగున్నాది బాబూ?"

"బాగానే ఉంది" అన్నాను.

"నా సెయ్యే బాబూ, పాడు సెయ్యి. ఆ పొద్దు ముందుగా పిండి ముట్టీసినానేటో. ఎంత గుర్తుసేసుకున్నా తెలట్లేదు. అమ్మకి నా మొకం సూపించనేక మీ ఇంటికి రానేదు."

అప్పుడైనా చెప్పవలసినది. "పోనీలే సూర్యావతీ" అన్నాను. చేయని నేరానికి ఆమెను క్షమించి వచ్చాను. ఆనాటినుంచి ముద్ద దిగడం లేదు.

కావున నా ఫిర్యాదు కొట్టివేసి, బండి తక్షణం తెరిపించి, తప్పుడు ఫిర్యాదుకు నాపై తగు చర్య తీసుకొనవలసినదిగా ప్రార్థన. ఇందులోని ప్రతి ముక్కా నిజమని నమ్మి తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కె. విలియం

తా.క. ఈ అర్జీ నిన్న నా భార్యకు చదివి వినిపించాను. "ఇంగువ సంగతి నాకూ తెలీదు, అది తప్పు కాదండీ. ఆవిడ తన చేతినే తిట్టుకుంటుంటే పోనీలే అన్నారు చూడండి, అదే తప్పు. పదండి" అని చెప్పులు వేసుకున్నది. ఇద్దరం సూర్యావతి ఇంటికి వెళ్లాము. అంతా చెప్పాను. ఆమె నా వైపు చూడలేదు. నా భార్య చేయి పట్టుకుని, "నన్ను ఓదార్సడానికి అంటున్నారు బాబు. ఇంగువలో గోదుంపిండి ఏటమ్మా, ఎక్కడైనా ఉంటాదేటి" అన్నది. ఎంత చెప్పినా నమ్మలేదు. అయ్యా, తెరుచుకోమనే కాగితం ఒక్కటే పంపి తమరు ఊరుకోవద్దు. దయచేసి తమరే స్వయంగా వెళ్లి, ఆ చేతిలో తప్పు లేదని చెప్పండి. నా మాటకు ఆ విలువ పోయినది.