బొంబాయిలో ఉడకని పప్పు

ప్రేమగల బాపుకు, అమ్మకు మీ బిడ్డ సునీత బొంబాయి నుంచి వందనాలు చెప్పి రాసేది. ప్రభువు దయవల్ల నేను బాగున్నాను. మీరూ, తమ్ముడూ బాగున్నారని నమ్ముతున్నాను. అమ్మ దగ్గు తగ్గిందా? ఈ ఉత్తరం తెచ్చిన జోగిపేట అన్న చేతిలో ఒక డబ్బా ఉంటుంది. బాపూ, అది నువ్వు నింపి నాతో పంపిన డబ్బానే. ఉత్తరం చివరిదాకా చదివాకే దాని మూత తీయండి.

నేనొచ్చి మూడు వారాలైంది. ఆసుపత్రిలో పని ఎక్కువే గానీ సిస్టరమ్మలు మంచివాళ్లు. హిందీ నోటికి వస్తోంది. ఇక్కడ వాన మొదలైతే ఆగే మాట లేదు, ఉతికిన యూనిఫారం రెండు రోజులైనా ఆరదు. మెస్సులో పప్పులో కూడా బెల్లం వేస్తారు. అమ్మా, నువ్విచ్చిన మామిడికాయ తొక్కు నాకంటే నా గదిలోని పిల్లలే ఎక్కువ తింటున్నారు. డ్యూటీ దిగాక మాత్రం ఇల్లు గుర్తొచ్చి ఏడుపొస్తుంది. తిండికి లోటు లేదు, బెంగపెట్టుకోకండి.

మొన్న ఆదివారం మొదటిసారి పూర్తి సెలవు దొరికింది. తాత స్టేషను దగ్గరికి వచ్చి నన్ను వాళ్లింటికి తీసుకెళ్లాడు. ఆ రైలు గురించి ఏం చెప్పను! నేను ఎక్కలేదు, జనమే నన్ను ఎక్కించారు. దిగడమూ అంతే. ఒక చేత్తో డబ్బాను, ఒక చేత్తో తాత చొక్కాను పట్టుకున్నాను. ఇంత గుంపులో ఆ ముసలాయన ఇరవై ఏళ్లు వాచ్‌మన్ పనికి రోజూ పోయొచ్చాడు బాపూ.

వాళ్లుండేది మూడో అంతస్తులో ఒకే ఒక్క గది. లోపలికి వెళ్లగానే నిర్ఘాంతపోయాను. గిన్నెలు గోనెసంచుల్లో కట్టేసి ఉన్నాయి. గోడమీద క్యాలెండరు తప్ప ఏమీ లేదు.

"వచ్చే నెల మన ఊరికే పోతున్నం బిడ్డా. రూము ఇంకొకలకు ఇస్తమని మాట గూడ ఇచ్చినం" అంది నాయనమ్మ.

"ఇగ చాలు ఈ బొంబాయి. నేను తవ్విన బాయి గడ్డమీద గుడిసె ఏసుకుంటం, నాలుగు పాదులు పెడుతం" అన్నాడు తాత.

 నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు వాళ్లు ఆఖరుసారి ఊరికి వచ్చారు. అప్పుడు ఆ బావి బంగారంలా ఉండేది. ఆ తర్వాత నువ్వు రాసిన ప్రతి ఉత్తరంలోనూ బావి నిండుగా ఉందనే రాశావు. మన బావి నీళ్లు ఒక డబ్బా తెమ్మని తాత అడిగితే, బడి దగ్గరి బోరింగు నీళ్లు నింపి, "ముసలోల్లకు చెప్పకు బిడ్డా, తట్టుకోలేరు" అన్నావు. నేనూ సరేనన్నాను. తప్పు నాదీ ఉంది.

తాత ముందు ఒక గ్లాసు వంచుకుని కళ్లు మూసుకుని తాగాడు. బోరింగు నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో మనకు తెలుసు. అయినా ఆయన మూతి తుడుచుకుని, "గివే. ఎంత తియ్యగున్నయి!" అన్నాడు. నేను తల వంచుకున్నాను. మిగిలిన నీళ్లతో పప్పు వండి మన దిక్కు నుంచి వచ్చిన ఇరుగుపొరుగు అందరికీ తలా ఒక గరిటె పెట్టాలని నాయనమ్మ కందిపప్పు కడిగి పొయ్యిమీద పెట్టింది.

గంట దాటింది. పప్పు ఉడకలేదు. గంటన్నరకు కూడా గింజ గింజలాగే ఉంది. నాయనమ్మ ఒక బద్ద తీసి వేళ్లమధ్య నలిపి చూసింది. తర్వాత నా మొహం చూసింది. బాపూ, నువ్వు ఏనాడూ పొయ్యి దగ్గరికి రాలేదు కాబట్టి నీకు తట్టలేదు. హాస్టలు తిండి తిన్న నాకూ తట్టలేదు. అమ్మను ఒక్కమాట అడిగి ఉంటే, ఉప్పునీళ్లలో పప్పు ఉడకదని చెప్పేది.

"గివి మన బాయి నీళ్లు గావు. మీ అమ్మ పప్పుల సోడా ఏస్తుందా?" అని అడిగింది.

వేస్తుందన్నాను. "ఎప్పటి సంది?" అంది. ఇక నా వల్ల కాలేదు. నాలుగేళ్ల కింద ఫ్యాక్టరీ మురుగు దిగి బావి నీళ్లు ఎర్రబడిన సంగతి, ఒళ్లంతా దురదలు లేచిన సంగతి, ఆ నీళ్లు తాగి మన బర్రె చచ్చిన సంగతి, మనం ఇప్పుడు దానికి ముళ్లకంప అడ్డం పెట్టిన సంగతి అన్నీ చెప్పేశాను. కోపగించుకోకు బాపూ.

తాత తిడతాడనుకున్నాను. ఏడుస్తాడనుకున్నాను. ఆయన ఖాళీ గ్లాసు పక్కన పెట్టి ఒక్కటే అడిగాడు.

"మరి మీ బాపు ఏం తాగుతుండు?"

బోరింగు నీళ్లేనని చెప్పాను. "ఇన్నేండ్లు గివి తాగుకుంట నాకు బాయి మంచిగున్నదని రాసిండా?" అన్నాడు. ఆ మాటకు నేను ఏడ్చేశాను.

నాయనమ్మ ఆ పప్పు పారబోసి, మళ్లీ కడిగి, వరండాలోని మున్సిపాలిటీ నల్లా నీళ్లు పోసి పొయ్యిమీద పెట్టింది. అరగంటలో వెన్నలా ఉడికింది. ముగ్గురం తిన్నాం. ఇరవై ఏళ్లుగా ఈ నల్లా నీళ్లను తిట్టుకుంటూ తాగిన మనుషులు బాపూ వాళ్లు! ఆ పళ్లెం వంక అట్లాగే చూస్తూ కూర్చున్నారు.

తినగానే తాత కిందికి దిగి, రూము ఇవ్వబోమని ఆ మనిషికి చెప్పి వచ్చాడు. నాయనమ్మ గోనెసంచి విప్పి గిన్నెలు మళ్లీ పెట్టింది. "మీ అమ్మనాయినలను ఈడికి రమ్మని రాయి. ఇరుకైతది, అయితే అయితది" అంది. ఆ గది మీరు చూడలేదు. నలుగురు పడుకుంటే అయిదోవాళ్లు కాలు పెట్టలేరు. అయినా ఆమె ఊరికే అనలేదు.

మీరు ఏం చేసినా సరే గానీ, బాపూ, నువ్వు తాతకు ఇకనైనా నిజం రాయి. సంఘంలో పెద్దలందరికీ నా వందనాలు. నా కోసం ప్రార్థన చేయండి. తమ్ముణ్ని ఆ బావి దిక్కు పోనివ్వకండి.

మీ దీవెనలు కోరే బిడ్డ,
సునీత

అమ్మా, ఇప్పుడు డబ్బా మూత తీయి. తాత తన చేత్తో కడిగి, ఇక్కడి నల్లా నీళ్లు నింపి, తువ్వాలతో తుడిచి ఇచ్చాడు. ఒక్కపూట సోడా వేయకుండా పప్పు వండి బాపుకు పెట్టమన్నాడు.