జల్లెడలో కొవ్వొత్తులు

ఐరీస్ గ్రామం, బేరా, ఐర్లండ్,
జనవరి 20, 1960.

నోరీన్ వదినగారికి,

దేవుడూ మేరీ మాతా మీకు, అన్నయ్యగారికి, పిల్లలకు తోడుగా ఉండాలి. ఇంగ్లండ్‌లో, మీ కోవెంట్రీలో మోకాలి లోతు మంచు పడిందని పేపర్లో చూశాం. ఇక్కడ మంచు లేదు, గాలే. పోయిన వారం కొట్టం పైరేకు లేచి చర్చి దారిలో పడింది. నల్లావు ఈనింది, కోడెదూడ. మీ తమ్ముడు టైగ్ కులాసాగానే ఉన్నాడు. మా చంటిది ఎత్నాకు పళ్లొస్తున్నాయి. అందిందల్లా కొరుకుతోంది, మొన్న పిల్లి తోక కూడా. పిల్లి ఇంకా అలిగే ఉంది.

మీ ఉత్తరం అందింది. జనవరి ఆరున, ఆడవాళ్ల క్రిస్మస్ నాడు అమ్మను గదిలో వదిలేసి మీరంతా వంటింట్లో పండగ చేసుకున్నారట, ఆ రోజు నుంచీ ఆవిడ తిండి మానేసిందట, ఏం జరిగిందో దాచకుండా రాయమని అడిగారు. ఈ సంగతి మీకు ఎవరు చేరవేశారో నేను అడగను. దాచకుండానే రాస్తున్నాను. అయితే నిరుటి పండగ నుంచి మొదలుపెట్టాలి. ఆ పండక్కి మీరూ ఇక్కడే ఉన్నారు. కానీ మీరు నవ్వుతూ ఉన్నారు కాబట్టి అన్నీ చూసి ఉండరు.

అప్పుడు నాకు ఏడో నెల. అంతకుముందు రెండు కడుపులు పోయాయని మీకు తెలుసు. ఆ రోజు మగాళ్లు పాలు పితికి, పొయ్యి చూసుకుని, ఆడవాళ్లకు వండిపెట్టే రోజు కదా. టైగ్ మీ అమ్మ ఏప్రన్ కట్టుకుని ఆలుగడ్డల ముందు కూర్చున్నాడు. లిల్ హారింగ్టన్ వస్తూనే, “టైగూ, తొక్క తీస్తున్నావా, దుంపే తీసేస్తున్నావా నాయనా? ఆ తొక్కలతో ఇంకో ఇంటివాళ్లు భోంచెయ్యొచ్చు!” అంది. నేనూ నవ్వాను. నవ్వుతూనే నిచ్చెన ఎక్కి అల్మరా మీద హాలీ కొమ్మలు సర్దుతున్నాను. ముళ్లాకులకు చేతులు గీరుకుపోతున్నాయి. లిల్ చూసి, “అదేంటి అబీనమ్మా, పండగ ఆడవాళ్లదైతే ఈ పిల్ల నిచ్చెన మీదుందేం?” అని అడిగింది. మీ అమ్మ కుర్చీలోంచి కదలకుండా, “సెలవు ఆడవాళ్లకే లిల్. కోడళ్లకని ఎవరన్నారు?” అంది. అదీ నవ్వుకే పోయింది.

చీకటి పడుతుండగా మీ అమ్మ జల్లెడ తెచ్చింది. ఓట్స్ గింజలు పోసి పన్నెండు కొవ్వొత్తులు గుచ్చి, ఒక్కోదానికి ఒక్కో మనిషి పేరు పెట్టింది. ఏది ముందు ఆరితే ఆ పేరున్న మనిషి ముందు పోతాడని. మిగతా ఇళ్లలో ఇది పిల్లల ఆట, వదినా. మీ ఇంట్లో కాదు. ఒక ఏడు జోసీ వాళ్లాయన కాన్ పేరున పెట్టింది ముందు ఆరింది. ఈస్టర్ వెళ్లాక అతని పడవ తిరిగి రాలేదు. శవం ఒడ్డుకు కొట్టుకొచ్చిన రోజున, శవపెట్టె పక్కనే నిలబడి మీ అమ్మ జోసీ చెవిలో, “నే చెప్పలా?” అంది. ఆ తర్వాత ఈ పండక్కి మీ అమ్మ పిలిస్తే రానని అనే ధైర్యం ఊళ్లో ఏ ఆడదానికీ లేకపోయింది. కేకు కోసం వచ్చేవారని మీరనుకున్నారేమో. వాళ్లు వచ్చింది తమ పేరు ఎక్కడ గుచ్చుతుందో కనిపెట్టుకుని ఉండటానికి.

పన్నెండూ వెలిగించాక మీ అమ్మ నా పొట్ట వంక చూసింది. “ఇంకొకరున్నారుగా ఇంట్లో” అని జేబులోంచి చిన్న కొవ్వొత్తి తీసింది. నేను వద్దన్నాను. “వద్దత్తయ్యా, దానికింకా పేరే పెట్టలేదు” అన్నాను. “పేరుదేముందే? దేవుడికి తెలుసు ఎవరో” అని మధ్యలో గుచ్చి వెలిగించింది. అది చిటపటమంది. మిగతావాటికి మైనం కరగడం కూడా మొదలవకముందే ఆరిపోయింది.

సన్నగా పొగ లేచింది. అప్పుడు మీ అమ్మ, “పోన్లే, ఊయల చేయించే పని తప్పింది” అంది.

ముందు నవ్వింది మీరు, నోరీన్ వదినా. భయపడి నవ్వారేమో, నాకు తెలియదు. మీ తర్వాత మిగతావాళ్లు నవ్వారు. నేను పళ్లెం పట్టుకుని అందరికీ ఎండుద్రాక్ష కేకు పంచాను. అంతకంటే ఏం చెయ్యాలో తెలియలేదు.

మార్చి చివర్లో ఎత్నా పుట్టింది. గుండ్రాయిలా ఉంది, ఊరంతా వినబడేలా ఏడ్చింది. టైగ్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మీ అమ్మ గుమ్మం దాకా వచ్చి చూసింది. టైగ్ బిడ్డను ఆవిడ చేతుల్లో పెట్టబోతే చేతులు వెనక్కి కట్టుకుని, “ఉండే పిల్ల కాదది. నా చేతికి అలవాటు చెయ్యకు” అంది. పుట్టిన గంటకు ఆ మాట అంది, వదినా. బాప్తిస్మం నాడు శాలువాలు, టోపీలు తెచ్చినవాళ్లతో, “ఎందుకమ్మా ఇంత ఉన్ని దండగ చేశారు?” అంది. రోజూ పొద్దున్నే వంటింట్లోకి వస్తూనే, “ఇంకా ఉందా?” అని అడిగేది. వాన ఇంకా పడుతోందా అని అడిగినట్టు.

నేను నమ్మలేదని అనుకోకండి. నమ్మాను. పాలిస్తూ పాలిస్తూ పిల్ల కళ్లు మూస్తే కుదిపి లేపేదాన్ని. నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేదాన్ని. అది ఉలిక్కిపడి ఏడిస్తే అప్పుడు నా ప్రాణం కుదుటపడేది. బిడ్డ ఏడుపు వినడానికి బిడ్డను ఏడిపించే తల్లినయ్యాను. టైగ్‌తో చెబితే, “మా అమ్మ నోరంతే ఐలీష్, మనసు మంచిది” అన్నాడు. “ఆ మనసును నువ్వెప్పుడైనా చూశావా? నాకు నోరొక్కటే వినబడుతోంది” అన్నాను. అతను ఆవుల దగ్గరకు వెళ్లిపోయాడు. మీ తమ్ముడికి మాట దొరకనప్పుడల్లా ఆవులకు ఏదో పని ఉంటుంది.

ఎండుగడ్డి కోతలప్పుడు జోసీ, నేను పొలం గట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాం. ఎత్నా పక్కన దుప్పటి మీద పడుకుని కాళ్లు ఆడిస్తోంది. జోసీ దానివైపే చాలాసేపు చూసి, “ఆ కొవ్వొత్తి వత్తి తడిపింది మీ అత్త” అంది. నాకు అర్థం కాలేదు. “మీ వెనక గదిలోనే. నేను కప్పుల కోసం వెళ్లా. నీళ్ల చెంబులో వత్తి ముంచి, ఏప్రన్ అంచుతో పైపైన తుడిచి జేబులో వేసుకుంది. నన్ను చూళ్లేదు” అంది.

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను. గొంతు పెంచి కాదు, మామూలుగానే అడిగాను.

“మా కాన్‌ది కూడా అలాగే తడిపిందా అని ఆలోచిస్తూ ఉండిపోయా” అంది జోసీ. “తడిపిందే అనుకో. నా మొగుడు తిరిగొస్తాడా? తడపలేదనుకో. అప్పుడు మీ అత్తది అన్నది జరిగే నోరన్నమాట. రెంట్లో ఏది మేలో నాకింకా తేలలా.”

ఆ సాయంత్రం నేను మీ అమ్మను ఏమీ అడగలేదు. ఆవిడకు సూప్ పోశాను. ఉప్పు ఎక్కువైందంది. నిజంగానే ఎక్కువైంది, వేరేది చేసిచ్చాను.

అక్టోబరులో ఆవిడ బావి దగ్గర నాచు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్న సంగతి మీకు టైగ్ రాశాడు. ఆస్పత్రి నుంచి తెచ్చాక వంటింటి పక్క గదిలో మంచం వేశాం. నేను చేసిన సేవలో లోటుందని ఎవరైనా మీకు రాస్తే నమ్మకండి. స్నానం నేనే చేయించాను. పుండ్లు పడకుండా పూటపూటకూ ఒత్తిగిలించాను. ఫాదర్‌ని అడగండి, డాక్టర్‌ని అడగండి. మంచంలోంచి కూడా ఆవిడ పొద్దున్నే అడిగేది: “ఇంకా ఉందా?” నేను, “ఉందత్తయ్యా, పాకుతోంది” అనేదాన్ని. “పాకనీ పాకనీ” అనేది.

ఇక ఈ ఏటి పండగ. ఇల్లు నేనే అలంకరించాను. అల్మరా చుట్టూ ఐవీ తీగలు, కిటికీకి హాలీ, దూలం నుంచి దూలానికి ఎర్ర కాగితం గొలుసులు. ఎత్నా కిందనుంచి చూసి చేతులు చాపితే ఒక గొలుసు దాని మెడలో వేశాను. తెల్లగుడ్డ పరిచి పింగాణీ కప్పులన్నీ దించాను. జామ్ కేకు, ఎండుద్రాక్ష కేకు, పల్చగా కోసిన రొట్టెలో పందిమాంసం, లిల్ తెచ్చిన ద్రాక్షసారా. మీ అమ్మ మధ్యాహ్నం నుంచే తల దువ్వించుకుని నల్ల శాలువా కప్పుకుని సిద్ధంగా కూర్చుంది. కుర్చీతో సహా బయటకు మొయ్యమని టైగ్‌ను పిలిచింది. “వంటింట్లో తలుపు సందుల్లోంచి గాలి. తుంటికి మంచిది కాదు” అన్నాను. టైగ్ నా ముఖం చూసి, పాలు పితకాలని వెళ్లిపోయాడు. నేను గది తలుపు మూయలేదు. బెత్తెడు తెరిచే ఉంచాను.

జల్లెడ బల్ల మీద పెట్టగానే ఓట్స్ గింజల గలగల విని, లోపలి నుంచి, “పేర్లు నేను పెట్టాలి! నేను లేకుండా ఎవత్తీ ముట్టుకోవద్దు!” అని అరిచింది. అందరి చేతులూ ఆగాయి. ఇన్నేళ్ల అలవాటు. అప్పుడు లిల్, “మీరు పడుకోండి అబీనమ్మా, ఈసారి మా చావులు మేమే పంచుకుంటాం” అంది. జోసీకి టీ పొలమారింది. ఆ ఇంట్లో భయం లేకుండా ఆడవాళ్లు నవ్వగా విన్నది అదే మొదటిసారి. ఎవరి కొవ్వొత్తి వాళ్లు గుచ్చారు. నాదీ, మీ అమ్మదీ నేను గుచ్చాను. ఎత్నాకు పెట్టలేదు.

కాసేపటికి ఒకటి ఆరింది. పొగ వాసన గదిలోకి వెళ్లినట్టుంది. “ఎవరిది? ఎవరిది ముందారింది?” అని అడిగింది. అందరూ నావైపు చూశారు. నేను తలుపు దగ్గరకు వెళ్లి, “మీదే అత్తయ్యా” అన్నాను.

లోపలి నుంచి, “సరిగ్గా చూశావా?” అంది. ఆ గొంతు నేనెప్పుడూ విననిది. “అందరం చూశాం” అన్నాను. జోసీ టీ పోసింది. లిల్ కేకు కోసింది.

మర్నాడు జావ ముట్టలేదు. ఆ మర్నాడూ అంతే. ఫాదర్ వచ్చి, కొవ్వొత్తులకు చావు పుట్టుకలేం తెలుసు, ఇది పాపం అని కోప్పడ్డారు. ఆవిడ బుద్ధిగా తలూపింది. ఆయన వెళ్లాక పళ్లెం పక్కకు తోసేసింది. డాక్టర్ తుంటి అతుక్కుంటోందని, తింటే వేసవికి లేచి తిరుగుతుందని చెప్పాడు. తినకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, టైగ్ అడగలేదు.

నిన్న ఆవిడ పిల్లను తెమ్మంది. “ఎత్నా” అని పేరు పెట్టి అడిగింది, మొదటిసారి. ఒక్కసారి ఒళ్లో పెట్టమంది. టైగ్ పిల్లను ఎత్తుకుని వస్తే నేను గుమ్మంలో అడ్డం నిలబడ్డాను. “ఆవిడ ఉండే మనిషి కాదు టైగ్. పిల్లకు అలవాటు చెయ్యకు” అన్నాను. తలుపు తెరిచే ఉంది. మీ తమ్ముడు నన్ను ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూశాడు. లోపల మంచం కిర్రుమంది, ఆవిడ గోడవైపు తిరిగింది.

నాకు సంతోషంగా ఉందా అని మీరు అడుగుతారు. లేదు. కానీ ఎత్నా నిద్రపోతుంటే ఇప్పుడు లేపడం లేదు. అది నిద్రపోతోంది, నేనూ నిద్రపోతున్నాను. ఈ ఇంటికి వచ్చాక ఇంత నిద్ర ఎప్పుడూ పోలేదు.

అన్నయ్యగారిని అడిగానని చెప్పండి. పిల్లలకు ముద్దులు. దేవుడు మిమ్మల్ని ఆ చలిలో చల్లగా కాదు, వెచ్చగా చూడాలి.

ఇట్లు,
మీ తమ్ముడి భార్య,
ఐలీష్

తా.క. దాచకుండా రాయమన్నారు కాబట్టి ఇదీ రాస్తున్నాను. ఆ రోజు ముందు ఆరింది నాది. మీ అమ్మది అన్నిటికంటే ఆఖర్న ఆరింది. మేం కప్పులన్నీ కడిగి తుడిచి అల్మరాలో పెట్టాక కూడా నిటారుగా వెలుగుతూనే ఉంది. ఇంటికి వెళ్లబోతూ అందరూ ఒకసారి దానివైపు చూశారు. ఇంతవరకూ ఒక్కరూ నోరు మెదపలేదు. ఈ ఒక్క మాట చెవిన పడితే ఆవిడ లేచి జావ తాగుతుంది. చెప్పాలనుకుంటే మీరే ఓడెక్కి రండి. ఉత్తరం రాస్తే మాత్రం, ఆవిడకు చూపు ఆనడం లేదు, ఈ ఇంటికి వచ్చే ఉత్తరాలు విప్పి చదివి వినిపించేది నేనే.