చేపల తొట్టి మీద లైటు

ఆళ్లగడ్డ, శనివారం రాత్రి



సగానికి చీల్చిన ప్లాస్టిక్ పైపులో ఎల్‌ఈడీ పట్టీలు అంటించి, పాత రూటర్ అడాప్టర్‌కు కలిపి, తొట్టి మీద బిగించాను. వెలిగించగానే నీటి మొక్కలు, వాటి మధ్య తిరిగే ఎర్రచేపలు ధగధగలాడాయి. నాయన వచ్చి అద్దానికి మొహం ఆనించి చూశాడు.

"లైటు బాగుందమ్మా. చేపల్ని ఎప్పుడు వదుల్తావ్?"

ఎగతాళి అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నీ ముక్కు ముందరే తిరుగుతాండాయి గదా నాయనా!"

"యాడ?" కళ్లు చికిలించి అద్దమంతా వెతికాడు.

ఆ పట్టీలు కొనడానికి పొద్దున నన్ను బండి వెనక కూర్చోబెట్టుకుని, లారీల మధ్య నంద్యాల దాకా నడిపింది ఈయనే. రేపు చెల్లిని బనగానపల్లెలో దింపుతానన్నాడు.

బండి తాళం నా దిండు కింద పెట్టుకున్నాను. పొద్దున నాయన లేచి అడిగితే, ఏమని చెప్పను...