కృష్ణాబాయి బిందెలు

ఆదోని, 14-5-1984
జొన్నలు విసిరాను, బట్టలు ఉతికాను, నీళ్లు తెచ్చాను, ఇప్పుడు జాబు రాయను కూర్చున్నాను. తమ్ముడు ఇస్సాకుకు అక్క దీవెనలు.

నేను తాకిన బోరింగు పిడిని పక్కింటి కృష్ణాబాయి కడిగి గాని పట్టుకోదని విని, మనుషులతో వచ్చి అడుగుతానని రాశావు. రావద్దు. మొన్న ఆమె చెయ్యి బెణికింది.

"సువార్తమ్మా, రెండు బిందెలు కొట్టిపెట్టవే" అంది.

"నేను ముట్టుకుంటే పిడి కడగల్ల గదమ్మా?" అన్నాను.

"కడిగేదానికీ నువ్వే కొట్టల్ల గదే!" అని నవ్వేసింది.

ఇన్నాళ్లూ ఆమెను ఒక్క మాట అననీకుండా నా నోటిని కాచిన ప్రభువుకు స్తోత్రం చెప్పుకుని బిందెలు నింపాను. ఈ పొద్దున నా వెనకే వచ్చి ఎడమ చేత్తో తానే కొట్టుకుంది. పిడి కడగలేదు.

అమ్మ మోకాళ్లకు నూనె రాస్తున్నావా? వచ్చేవాళ్లతో కొర్రలు పంపు. ప్రభువు మీకు తోడుండు గాక. కృష్ణాబాయిని అడగవలసిన బాకీ ఏమీ లేదు, చెల్లయింది.